బరువు స్లగ్గూ, బద్ధకపు మెలికా

ఎయిర్‌గన్లు బాగుచేసే పనిలోకి కొత్తగా వచ్చిన కుర్రాళ్ళు అప్పుడప్పుడూ బోయిగూడలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తుంటారు. మెట్లెక్కి, ఆయాసం తీర్చుకుని, మంచినీళ్ళు తాగాక అందరూ అడిగేది ఒకటే: దూరం కొట్టడానికి ఏ స్లగ్గు మంచిది సార్ అని. స్లగ్గంటే గాలి తుపాకీలో వేసే పొడుగాటి సీసపు గుండు. ఏ చెప్పుల జత మంచిదని అడిగినట్టుంటుంది నాకు. ఎవరి కాలికో చెప్పకుండా నేనేం చెప్పను? అయినా ఇంత దూరం వచ్చారు కదా అని టీ ఇచ్చి, వినోద అనే అమ్మాయి కథ చెప్పి పంపిస్తుంటాను. చెప్పి చెప్పి మా ఆవిడకి కూడా అది కంఠతా వచ్చేసింది. నేను ఆగిన చోట వంటింట్లోంచి తను అందుకుంటోంది. అందుకని ఈసారి రాసి పెడుతున్నాను.

ఎప్పుడు చేరాను, జీతం ఎప్పుడు పెరిగింది లాంటివి ఇందులో ఉండవు. జీతం పెరిగిన సందర్భాలు రాస్తే పేజీ నిండదు, పైగా మా యజమాని పరువు పోతుంది. ఆయన పరువు వేరే చోట తీయాల్సి ఉంది కాబట్టి ఇక్కడ వదిలేస్తున్నాను.

షాపూ, ఆయనా

రెజిమెంటల్ బజార్లో ట్రంకుపెట్టెలు చేసేవాళ్ళకీ, పెళ్ళి బ్యాండువాళ్ళు సాధన చేసుకునే గదికీ మధ్య ఉండేది మా షట్టరు. ఇటు రేకు మీద సుత్తి దెబ్బలు, అటు బాకాలు. ఆ మధ్యలో కూర్చుని తుపాకీ గొట్టంలో వెంట్రుకవాసి తేడా పట్టుకోవాలి. మాది విజయనగరం దగ్గర. రైల్వేలో ఉన్న మా బావ వెనకాల సికింద్రాబాద్ దిగి, రెండు మూడు చోట్ల పనికిరానివాణ్ణనిపించుకుని, చివరికి ప్రభాకరం గారి దగ్గర కుదిరాను.

ప్రభాకరం గారిల్లు నేరేడ్‌మెట్‌లో. ఆదివారం చర్చిలో పాటల బృందంలో ఆయనది అందరికన్నా లోతైన గొంతు. మిగతా ఆరు రోజులూ ఆ గొంతు నాకోసం వాడేవారు. మనిషి మాత్రం మంచివారు. తుపాకీతో పావురాలు కొట్టాలని ఎవరైనా వస్తే కసురుకునేవారు కాదు. కుర్చీ వేసి, టీ తెప్పించి, వాళ్ళ నాన్నగారి జీవితచరిత్ర మొదలుపెట్టేవారు. వచ్చినవాడు పావురాలనూ, తుపాకీనీ, ఒక్కోసారి తన గొడుగునీ వదిలేసి పారిపోయేవాడు. మా దగ్గర బాగైన తుపాకీ క్లబ్బులో కాగితాన్ని కొట్టాలి, అంతే.

ఆ నాన్నగారే మా షాపుకి మూలపురుషుడు. ఆయన కొడుక్కి ఇచ్చిన విద్య మూతి బిగింపు. గొట్టం చివర, అంటే మూతి దగ్గర, లోపలి వెడల్పుని కంటికి కనపడనంత తగ్గించడం. మామూలు పెల్లెట్టు, అంటే చిన్న సీసపు గుండు, బయటికి పోయేముందు అక్కడ చిన్న నొక్కు తిని, ప్రతిదీ ఒకే కొలతకి వచ్చి, ఒకేలా పోతుంది. ఇది నిజమే. పెల్లెట్లకి ఇప్పటికీ నిజమే.

బిగింపు సరిగ్గా కుదిరిందో లేదో చూడటానికి ఆయనకొక పద్ధతి ఉండేది. కళ్ళు మూసుకుని, వెనకవైపు నుంచి ఒక పెల్లెట్టుని ఇత్తడి కడ్డీతో మెల్లగా తోసేవారు. అది జారుతూ జారుతూ వచ్చి మూతి దగ్గర చేతికి గట్టిగా తగలగానే, "ఆమెన్" అనేవారు. ఆమెన్ పడని గొట్టం మళ్ళీ లేతుమీదికి పోవాల్సిందే. ఆ మాట కోసం నేను ఎన్ని సాయంత్రాలు ఇంటికి పోకుండా నిలబడ్డానో మా ఆవిడనడగండి.

జావా వస్తోంది

ఆ రోజుల్లో సికింద్రాబాద్‌లో రాత్రి బట్టల కొట్టుగా మూసిన షట్టరు పొద్దున కంప్యూటర్ కోచింగుగా తెరుచుకునేది. మా వీధిలో కూడా బోర్డులు మారుతున్నాయి. ఇస్త్రీ చేసే అబ్బాయి కూడా జావా నేర్చుకోవాలా, ఒరాకిలా అని నన్ను సలహా అడిగాడు. నాకు తెలిసిన జావా టీ కొట్లో పొడి కలిపే మనిషి పెట్టుకున్న ముద్దుపేరు.

స్ప్రింగు తుపాకులు బాగుచేయించుకునే పాత ఖాతాదారులు తగ్గిపోయారు. కొత్తగా వచ్చేవాళ్ళంతా సాఫ్ట్‌వేర్ వాళ్ళు. వాళ్ళవి సిలిండర్లోంచి గాలి నింపుకునే ఖరీదైన తుపాకులు. వాళ్ళకి పాతిక గజాలు ఆనలేదు, వంద మీటర్లు కావాలి. ప్రభాకరం గారి లెక్కలో ఎయిర్‌గన్ అనేది మా పెరటి గోడ దగ్గర ఆగిపోయే వస్తువు. వంద మీటర్ల మాట ఎత్తితే, అంత దూరం ఉత్తరం రాయొచ్చు కదా అనేవారు.

టై కట్టుకున్న ఒక కోచింగు సెంటరు అబ్బాయి మా షట్టరు అద్దెకు కావాలని వారం వారం వచ్చేవాడు. ప్రభాకరం గారు మొదట్లో నవ్వి పంపేవారు. తరవాత కూర్చోబెట్టడం మొదలుపెట్టారు. ఒకరోజు నాన్నగారి కథ ఎత్తకుండానే టీ ఇచ్చారు, అప్పుడు నాకు నిజంగా భయం వేసింది. నాకు నలభై దాటాయి. గొట్టం లోపలి సంగతి తప్ప లోకంలో ఇంకే సంగతీ తెలియదు. ఆ షట్టరు పోతే నాకు ఇంకో పని దొరకదు. ఇప్పుడు తేలిగ్గా రాస్తున్నాను గానీ, అప్పుడు అన్నం సహించేది కాదు.

ఊరి చివరి రైఫిల్ క్లబ్బు సెక్రటరీ ఒక మాటన్నాడు. మా దగ్గర సరిచేసిన తుపాకీ ఏదైనా శనివారం పోటీలో వంద మీటర్ల దగ్గర గట్టిగా నిలబడితే, క్లబ్బులోని గాలి తుపాకులన్నీ మాకే ఇస్తాడు. లేదంటే బెంగళూరు పంపిస్తాడు. ప్రభాకరం గారు టై అబ్బాయికి ఆ మరుసటి సోమవారం జవాబు చెప్తానన్నారు. నాకు విడిగా ఏమీ చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా.

అడ్డంగా పడుకున్న స్లగ్గు

ఆ పోటీకి మా ఆశంతా వినోద తుపాకీ మీద. వినోద నేరేడ్‌మెట్ పిల్ల, ప్రభాకరం గారి వీధిలోనే పెరిగింది. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో ఇంకొకరు రాసినదాంట్లో తప్పులు పట్టడం ఆమె ఉద్యోగం. ఆ అలవాటు ఆఫీసులో వదిలి రాదు. మొదటిరోజు, ప్రభాకరం గారు అంతకుముందే మూతి బిగించి ఇచ్చిన తుపాకీ, ఒక డబ్బా స్లగ్గులు, గురి కాగితాలు బల్లమీద పెట్టి, "అంకుల్, జెర గివి చూడున్రి. స్లగ్గు అడ్డం తాకుతుంది. గిట్లెందుకైతుంది?" అంది.

కాగితం మీద గుండ్రని చిల్లులు ఉండాల్సిన చోట పొడుగాటి చిల్లులున్నాయి. స్లగ్గు నిటారుగా పోకుండా పక్కకు వాలిపోయి తగిలిందన్నమాట. డబ్బా చూస్తే బజార్లో దొరికే స్లగ్గులన్నిట్లోకీ బరువైనవి. ఎందుకు కొన్నావమ్మా అంటే, బరువైనదాన్ని గాలి తొందరగా పక్కకు తోయలేదని కంప్యూటర్లో లెక్క వేశానంది. ఆ లెక్కలో తప్పులేదు. కాకపోతే ఆ లెక్కకి ఆమె గొట్టం సంగతి ఎవరూ చెప్పలేదు.

కుర్రాళ్ళూ, ఇక్కడ కొంచెం నిదానంగా చదవండి. మామూలు పెల్లెట్టుకి నడుము సన్నం, వెనకాల గౌను. అది షటిల్ కాక్ మాదిరి తోకకి తగిలే గాలితో తనే సర్దుకుంటూ పోతుంది. గొట్టంలో తిరిగినా తిరగకపోయినా పెద్దగా పట్టించుకోదు. స్లగ్గుకి ఆ తోక లేదు. అది బొంగరం. తిరిగినంతసేపే నిలబడుతుంది. గొట్టం లోపల గాడులు మెలి తిరిగి ఉండేది దాన్ని తిప్పడానికే. బరువు పెరిగితే స్లగ్గు పొడుగు పెరుగుతుంది, పొడుగు పెరిగితే ఇంకా వేగంగా తిరగాలి. అంటే మెలిక బిగువుగా ఉండాలి. గొట్టంలో మెలిక బద్ధకంగా ఉండి, స్లగ్గు పొడుగ్గా ఉంటే, అది దారిలోనే పడుకుంటుంది.

మెలిక కొలవడం చిన్న పిల్లల పని. కడ్డీ చివర గుడ్డ బిగుతుగా చుట్టి, కడ్డీ మీద గుర్తు పెట్టి, లోపలికి తోయండి. కడ్డీ తనంతట తాను తిరుగుతుంది. ఒక చుట్టు పూర్తవడానికి ఎంత పొడుగు లోపలికి పోయిందో అదే మీ మెలిక. వినోద గొట్టంలో ఆ చుట్టు ఎంతకీ పూర్తవదే. ఆమె కడ్డీ పక్కనే వంగి చూస్తూ, మధ్యలో విసుగొచ్చి ఫోను చూసుకుంది.

బరువు తగ్గించమంటే ఒప్పుకోదని నాకు తెలుసు. బరువున్నదే మంచిదనే నమ్మకం పట్టుచీరల కొట్లో మొదలై అన్ని చోట్లకీ పాకింది. అందుకని నేనొక చిలిపి పని చేశాను. రకరకాల స్లగ్గుల్ని బోర్నవిటా డబ్బాల్లో పోసి, కాగితాలు పీకేసి, అన్నీ విదేశీ సరుకేనని ఇచ్చాను. క్లబ్బులో కొట్టి చూసి వచ్చి, ఒక డబ్బా బల్లమీద పెట్టి ఇదే కావాలంది. అది మధ్యరకం బరువు. సంగతి చెప్పగానే మూతి ముడుచుకుంది. అయినా కొద్దిసేపటికే, "సరే, గుండ్రంగనే తాకుతున్నయ్. కానీ దగ్గర దగ్గర పడ్తలేవు కద. ఇంకేదో తక్లీఫ్ ఉన్నది అంకుల్," అంది.

అదేమిటో నాకు తట్టలేదు. పట్టుకున్నది ఆమే. ఒక స్లగ్గుని కడ్డీతో మూతి దాకా తోసి, మూతిలోకి పోనీయకుండా వెనక్కి తీసింది. ఇంకొకదాన్ని పూర్తిగా బయటికి తోసింది. రెండిటినీ మైక్రోమీటరులో పెట్టి నాకు చూపించింది. బయటికి పోయినది సన్నబడింది, దానిమీద గాడుల గుర్తులు అలుక్కుపోయాయి. పెల్లెట్టుకి మేలు చేసే నొక్కు, గట్టి సీసపు స్లగ్గుని చివరి క్షణంలో పిండి పాడుచేస్తోంది. తప్పు మూతి బిగింపుది. అంటే ప్రభాకరం గారిది. అంటే వాళ్ళ నాన్నగారిది.

పక్క గదిలో బ్యాండువాళ్ళు సరిగ్గా అప్పుడే అప్పగింతల పాట ఎత్తుకున్నారు.

గొడవ

నేను అప్పటికే బిగువు మెలిక ఉన్న గొట్టం ఒకటి తెప్పించి పెట్టాను. దాన్ని బిగింపు లేకుండా వినోద తుపాకీకి వేద్దామని ఆయన్నడగాలి. నేనడగాలా, నువ్వడుగుతావా అని ఇద్దరం కాసేపు మర్యాదలు చేసుకుని, చివరికి కలిసే వెళ్ళాం. వినోద మైక్రోమీటరు పట్టుకుంది, నేను ఆమె వెనక నిలబడ్డాను.

ఆయన అంతా విన్నారు. స్లగ్గులు రెండూ చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకెత్తి చూశారు. తరవాత చాలా మెల్లగా, "మూతి బిగించని గొట్టం ఈ షట్టరు దాటి పోలేదు. నేనుండగా పోదు," అన్నారు.

వినోద మళ్ళీ చెప్పబోతే, నువ్వు లంగా వేసుకుని మా గేటెక్కి ఊగిన రోజుల నుంచి నాకు తెలుసు, కూర్చో అన్నారు. నాతో అసలు మాట్లాడలేదు. కొత్త గొట్టాన్ని పాత తువ్వాల్లో చుట్టి చంకలో పెట్టుకుని, ఇంట్లో వాళ్ళ నాన్నగారి చిన్న లేతు ఉంది, దానిమీద తానే బిగించి తెస్తానని వెళ్ళిపోయారు.

ఆరోజు ఇంటికెళ్ళి నేను మా ఆవిడతో, విజయనగరంలో మీ అన్నయ్య రైసుమిల్లులో మనుషులు కావాలన్నాడు కదా అని అడిగాను. ఆవిడ నా కంచంలో ఇంకో ముద్ద పప్పు వేసింది.

శుక్రవారం ఆయన గొట్టం తెచ్చారు. బిగించాను, ఇంట్లోనే చూసేశాను, తుపాకీకి వేసెయ్ అన్నారు. మా ఎదుట కడ్డీ పెట్టలేదు, కళ్ళు మూసుకోలేదు. నాకు వింతగా అనిపించింది గానీ, అడిగే ధైర్యం లేక వేసేశాను.

శనివారం

క్లబ్బు మైదానంలో ఆరోజు గాలి ఒక పద్ధతిగా లేదు. దుమ్ము ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి. వినోద బల్ల దగ్గర కూర్చుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్కటీ నిదానంగా కొట్టింది. సెక్రటరీ దూరదర్శిని పెట్టుకుని చూస్తున్నాడు. ప్రభాకరం గారు టీ గ్లాసు పట్టుకుని, ఈ వ్యవహారంతో తనకేం సంబంధం లేనట్టు ఆకాశం వైపు చూస్తున్నారు. నేను మాత్రం రైసుమిల్లులో బస్తాలు ఎంత బరువుంటాయో ఆలోచిస్తున్నాను.

కాగితం తెచ్చి చూపించారు. అన్ని చిల్లులూ టీ సాసరు కింద దాక్కునేంత చోటులో ఉన్నాయి, అన్నీ గుండ్రంగా. ఆ మైదానంలో గాలి తుపాకీతో అలాంటిది ఎవరూ చూడలేదు. వినోద నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దుమ్ము పడిందని చెప్పాను.

జనం చుట్టూ చేరి రహస్యం ఏమిటన్నారు. ప్రభాకరం గారు గ్లాసు కింద పెట్టి, గొంతు సవరించుకుని, మూతి బిగింపు గురించి ఉపన్యాసం మొదలుపెట్టారు. నాన్నగారు వచ్చారు, నాన్నగారి లేతు వచ్చింది. వినోద నావైపు చూసింది. ఆమె లెక్క ప్రకారం ఇది జరగకూడదు. తన లెక్కే తప్పేమోనని పాపం ఆ పిల్ల మొహం చిన్నబోయింది.

పోటీ అయ్యాక గొట్టం శుభ్రం చేయడం నా పని. అలవాటుకొద్దీ ఒక స్లగ్గు పెట్టి కడ్డీతో తోశాను. జారింది, జారింది, మూతి దాటి నా అరచేతిలో పడింది. ఎక్కడా బిగుసుకోలేదు. ఆ మూతిని ఎవరూ ముట్టుకోలేదు.

తలెత్తేసరికి ఉపన్యాసం ఆగిపోయి ఉంది. ప్రభాకరం గారు నన్నే చూస్తున్నారు. ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నావైపు తిరిగారు. సెక్రటరీ, బిగింపు బాగా కుదిరిందా అని నన్నడిగాడు. అన్నేళ్ళలో ప్రభాకరం గారి మొహంలో భయం నేను చూడటం అదే మొదలు. నేను కళ్ళు మూసుకుని, నా గొంతు ఎంత లోతుకు పోతే అంత లోతుకు దించి, "ఆమెన్," అన్నాను.

వినోదకి అర్థమైపోయింది. నవ్వాపుకోలేక, స్కోపు డబ్బాలో ఏదో వెతుకుతున్నట్టు తల దూర్చేసింది. సెక్రటరీకి మాత్రం అర్థం కాలేదు. క్లబ్బు తుపాకులన్నిటికీ సరిగ్గా ఇలాంటి బిగింపే పెట్టమని అక్కడికక్కడే చెప్పేశాడు.

సోమవారం

సోమవారం నేను షాపుకి వెళ్ళేసరికి క్లబ్బు తుపాకులు వరసగా గోడకి ఆనించి ఉన్నాయి. ప్రభాకరం గారు వాటి ఎదురుగా కుర్చీ వేసుకుని, పరీక్షలో తెలియని ప్రశ్నలొచ్చినవాడిలా కూర్చున్నారు. వీటన్నిటికీ లేని బిగింపుని ఎలా పెట్టడమండీ అని అడిగాను. శుక్రవారం పొద్దున ఇంట్లో లేతు దగ్గర చాలాసేపు నిలబడ్డానని, వినోద ఇచ్చిన స్లగ్గులు పక్కనే పెట్టుకుని చూస్తుంటే చెయ్యి ఆడలేదని, చివరికి గొట్టాన్ని అలాగే చుట్టి తెచ్చేశానని చెప్పారు.

"సెక్రటరీతో నిజం చెప్పేయొచ్చు సింహాచలం. కానీ మా నాన్న నేర్పింది తప్పని నా నోటితో ఎలా అననోయ్?"

నాకు అప్పటిదాకా ఆయన మీద ఉన్న ఉక్రోషం అంతా పోయింది. అన్నేళ్ళూ ఆయన బిగించింది గొట్టాల్ని మాత్రమే కాదు. పెద్దాయన చెయ్యి వదలడం ఇష్టంలేక పట్టుకుని ఉన్నారు.

"తప్పెందుకవుద్దండీ? పెల్లెట్టుకి ఆయన చెప్పిందే రైటు. పెద్దాయనకి స్లగ్గు ఎవులూ చూపించలేదు కదండీ."

ఆయన కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. చూపించి ఉంటే నాన్న అదేరోజు పద్ధతి మార్చేసేవాడని, తనంత మొండివాడు కాదని అన్నారు. పెల్లెట్లు కొట్టే తుపాకులకి మూతి బిగింపు, స్లగ్గులు కొట్టేవాటికి బిగువు మెలిక, బిగింపు లేని మూతి. సెక్రటరీకి సాయంత్రం తానే వెళ్ళి చెప్తానన్నారు. లేచి గోడ దగ్గరి తుపాకుల్ని ఆయనే రెండు వరసలుగా విడదీయడం మొదలుపెట్టారు. ఏది ఏ వరసలోకి పోవాలో తెలియనప్పుడు ఎత్తి పట్టుకుని నావైపు చూసేవారు. నేను తలతో ఎడమో కుడో చూపించేవాణ్ణి.

అప్పుడొచ్చాడు టై కట్టుకున్న అబ్బాయి. ఈసారి కొలతల టేపు కూడా తెచ్చుకున్నాడు. సార్, మరి మన కోర్సు ఎప్పుడు మొదలుపెట్టుకుందాం అన్నాడు.

"ఇక్కడ ఆల్రెడీ ఒక కోర్సు నడుస్తోంది బాబూ. ఈ పొద్దునే నేను కూడా చేరాను," అన్నారు ప్రభాకరం గారు.

ఆ అబ్బాయి టేపు చుట్టుకుంటూ, ఏం కోర్సు సార్, ఎవరు చెప్తున్నారు అన్నాడు.

"వారినడుగు," అని నావైపు చూపించి, ఆయన మాకు టీ తేవడానికి బయటికి వెళ్ళారు.